షహీద్ పేరు సబూత్ కాగితం కాదు

స్మారకం అంటే మనకు తెలిసింది ఒకచోట నిలబడి ఉండే రాయి. మనమే పోయి దాని ముందు తలవంచుతాం. ఈ మధ్య స్మారకాలకు కాళ్లొచ్చాయి. అవే బయలుదేరి ఊళ్లకు వస్తున్నాయి. 2020 డిసెంబర్ 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర ప్రధాని నాలుగు దివిటీలు వెలిగించి నాలుగు దిక్కులకు పంపారు. 1971 యుద్ధ విజయానికి యాభయ్యో ఏడు మొదలైన సందర్భం అది. ఏడాదంతా దేశం తిరిగి, 2021 డిసెంబర్ 16న ఆ దివిటీలు మళ్లీ ఢిల్లీ జ్వాలలో కలిశాయి. 2023 ఆగస్టు 9న 'మేరీ మాటీ మేరా దేశ్' మొదలైంది. పంచాయతీకో శిలాఫలకం, ఊరికో పిడికెడు మట్టి, ఆ మట్టిని మోసే కలశాలు. అక్టోబర్ నెలాఖరుకి ఆ మట్టి ఢిల్లీ చేరింది. యుద్ధ స్మారకం పక్కనే అమృత వాటిక పెంచడానికట.

ఈ ఊరేగింపుల్ని మేం చదవాలనుకుంటున్నాం. చూడటం వేరు, చదవటం వేరు. కవితనూ కథనూ చదివినట్టే స్మారకాన్నీ చదవొచ్చు. అందులోనూ ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అన్న వరస ఉంటుంది. పలికిన మాట ఉంటుంది, మింగిన మాట ఉంటుంది. దాన్ని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎవర్ని శ్రోతగా కూచోబెట్టారు, ఎవర్ని బోనులో నిలబెట్టారు అని అడగొచ్చు. జెండా కనబడగానే విమర్శ నోరు మూసుకోవాలన్న రూలు మాకు తెలిసి ఎక్కడా లేదు.

ముందు మంచిని మంచిగా చెప్పుకుందాం. ఆ నాలుగు దివిటీలు పరమవీర చక్ర, మహావీర చక్ర పొందిన 1971 నాటి సైనికుల ఊళ్లకు పోవాలన్నది ఏర్పాటు. 2021 ఫిబ్రవరిలో తిరుపతిలో మేజర్ జనరల్ సి. వేణుగోపాల్‌ను ముఖ్యమంత్రి ఇంటికి పోయి సత్కరించారు. ఆ యుద్ధంలో గూర్ఖా పటాలాన్ని నడిపి మహావీర చక్ర పొందిన మనిషి ఆయన. యాభై ఏళ్ల తర్వాత ప్రభుత్వం ఒక ముసలి సైనికుడి గడప తొక్కింది. ఇది చిన్న సంగతి కాదు. రాజధానికి రాలేని వాడి దగ్గరికి రాజధానే రావాలి. తిరిగే స్మారకంలోని అసలు న్యాయం అదే.

ఈ పద్ధతి మనకంటే ముందు అమెరికాలో ఉంది. వియత్నాం యుద్ధంలో చనిపోయిన 58 వేలకు పైగా అమెరికన్ సైనికుల పేర్లతో 1982లో వాషింగ్టన్‌లో నల్లరాతి గోడ కట్టారు. అంతదూరం రాలేనివాళ్ల కోసం జాన్ డెవిట్ అనే మాజీ సైనికుడు మిత్రులతో కలిసి ఆ గోడకు సగం సైజు నకలు చేసి 1984 నుంచి ఊరూరా తిప్పాడు. ఆ గోడ మీద హోదాల్లేవు. కెప్టెన్ ముందు, సిపాయి వెనక అన్న వరస లేదు. ఏ రోజు చచ్చినవాడు ఆ రోజు దగ్గర ఉంటాడు. తల్లులు వచ్చి వేళ్లతో పేరు తడిమారు. కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది కొడుకు పేరు ఇంటికి తీసుకుపోయారు. ఆ గోడ దగ్గర ఉపన్యాసానికి పెద్దగా పని లేదు. అదే దాని గొప్పతనం. దాని లోపమూ అంత పెద్దదే. ఆ యుద్ధంలో చచ్చిన లక్షలాది వియత్నామీయుల్లో ఒక్కరి పేరు కూడా దాని మీద లేదు. ఊళ్లు తిరిగినా ఆ గోడ తన దుఃఖం దాటి బయటికి రాలేదు.

ఈ రెండు కొలతలూ చేతిలో పెట్టుకుని మన దగ్గరికి వద్దాం. ఒకటి, పేరుని పేరుగా ఉండనిచ్చారా? రెండు, ఎవరి చావు లెక్కలోకి రాలేదు?

ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత చనిపోయిన 25,942 మంది సైనికుల పేర్లు అప్పటికి రాళ్ల మీద చెక్కారు. పేరు, హోదా, పటాలం. అంతే. ఆ రాయి మీద మతం కాలమ్ లేదు. ఆ మేరకు ఆ రాయి మన చాలామంది నాయకుల కంటే నయం. చిక్కంతా ఆ రాతి మీది పేరు దిగి ఊళ్లోకి, వేదిక మీదికి, మైకులోకి వచ్చినప్పుడు మొదలవుతుంది. రాయి మీద లేని కాలమ్ మైకులో తెరుచుకుంటుంది. అక్కడ ఒక చిన్న మాట దూరుతుంది. 'కూడా'.

'ముస్లింలు కూడా దేశం కోసం ప్రాణాలిచ్చారు.'

ఈ వాక్యం మమ్మల్ని తిట్టేవాళ్లు అనేది కాదు. మమ్మల్ని ప్రేమించే లౌకికవాద మిత్రులు అనేది. ఆగస్టు 15కీ జనవరి 26కీ మా తరఫున వాదించడానికి లేచి, మంచి మనసుతో అనేది. అందుకే దాన్ని జాగ్రత్తగా విప్పి చూడాలి. 'రెడ్లు కూడా', 'నాయుళ్లు కూడా', 'బ్రాహ్మలు కూడా' దేశం కోసం చనిపోయారని ఎవరైనా అనగా విన్నారా? వినరు. ఎందుకంటే వాళ్ల విషయంలో అనుమానం లేదు. అనుమానం ఉన్నచోటే 'కూడా' అవసరం. ఆ మాట మమ్మల్ని సమర్థిస్తూనే మా మీద కేసు ఉందని ఒప్పుకుంటుంది. వకీలు మంచివాడే. కానీ మమ్మల్ని బోనులో నిలబెట్టాకే ఆయన వకీలు. తెలుగులో ఈ అనుమానాన్ని నిలదీసిన కవిత్వం ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'తో 1991లోనే వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా 'కూడా' మా వాక్యంలోంచి పోలేదు.

ఆ 'కూడా' పక్కన ఎప్పుడూ నిలబెట్టే పేరు అబ్దుల్ హమీద్. ఉత్తరప్రదేశ్ ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో దర్జీ కుటుంబంలో పుట్టిన హవల్దార్. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ రంగంలో జీపు మీద బిగించిన తుపాకీతో పాకిస్తాన్ ట్యాంకుల్ని పేల్చి, సెప్టెంబర్ 10న చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన దర్జీ బిడ్డ అన్నది ఎవరికీ గుర్తుండదు. గ్రెనేడియర్ పటాలం వాడన్నదీ గుర్తుండదు. ముస్లిం అన్నది ఒక్కటే గుర్తుంటుంది. మరి ఆ గుర్తు పెట్టుకోవటమన్నా నిలకడగా ఉందా? 2025 ఫిబ్రవరిలో ఆయన సొంతూరి బడి గోడకు కొత్త రంగులు వేసినప్పుడు ఆయన పేరు పోయింది. కుటుంబం అడిగితే, గోల జరిగితే మళ్లీ రాశారు.

బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ సంగతీ అంతే. 1948 జూలై 3న కశ్మీర్‌లో ఝాంగర్ దగ్గర ఫిరంగి గుండుకి చనిపోయాడు. మహావీర చక్ర. ఢిల్లీలో జామియా మిల్లియా పక్కన కబ్రస్తాన్‌లో సమాధి. 2020 డిసెంబర్ నెలాఖరులో ఆ సమాధి పగిలిపోయి ఉందన్న వార్త పత్రికల్లో వచ్చింది. తర్వాత సైన్యం పూనుకుని బాగుచేయించింది. అదే డిసెంబర్‌లో, అదే ఢిల్లీ నుంచి నాలుగు దివిటీలు దేశం మీదికి బయలుదేరాయి. తిరిగే స్మారకం వెయ్యి మైళ్లు పోగలదు. ఊళ్లోనే ఉన్న సమాధి దాకా రావడానికి మాత్రం పత్రికల్లో వార్త పడాల్సి వచ్చింది.

ఇప్పుడు మా ఇలాకాకు వద్దాం. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైనప్పటినుంచి హైదరాబాద్‌కు గడప అదే. హజ్‌కు పోయేవాళ్లు ఇక్కడే ఇహ్రామ్ మూటలతో బారులు తీరతారు. గల్ఫ్‌కు పోయే కూలీలూ ఇక్కడే విమానమెక్కుతారు. వాళ్లలో కొందరు చెక్కపెట్టెల్లో తిరిగొచ్చేదీ ఇక్కడికే. ఆ పెట్టెల మీద జెండా ఉండదు.

అయితే ఈ నేల మీద సిపాయిల స్మారకాలు ఎవరో వచ్చి నిలబెట్టకముందే ఉన్నాయి. ఊరి పేరే చూడండి. శంషాబాద్ అన్న పేరు శంసుల్ ఉమ్రా బిరుదు మీదుగా వచ్చిందని చెబుతారు. ఆ బిరుదు పాయెగా నవాబులది. నిజాం ప్రభువుకు సైన్యాన్ని పోషించడం కోసం ఇచ్చిన జాగీర్లు వాళ్లవి. చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి పోతే దారిలో బార్కస్ తగులుతుంది. బారక్స్ అన్న మాటే అరిగి అరిగి బార్కస్ అయింది. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్ సిపాయిల బారక్సులవి. నగరం నడిమధ్యన ఏసీ గార్డ్స్ ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని దాని పూర్తి పేరు. సిద్దీ సిపాయిల బస్తీ. బస్సు కండక్టర్ రోజూ అరిచే ఈ స్టేజీల పేర్లన్నీ పటాలాల పేర్లే. ఎక్కడా శిలాఫలకం లేదు. ఆ పటాలాల మనవలు, మునిమనవలు అక్కడే పండ్లమ్ముకుని, ఆటోలు నడుపుకుని, గల్ఫ్ పోయి బతుకుతున్నారు.

ఈ సిపాయిలు ఎవరి కోసం పోరాడారు? నవాబు కోసం, నిజాం కోసం, ఆయన మీదుగా ఇంగ్లీషువాళ్ల కోసం. దాన్ని దేశభక్తి అని మేం రంగు పూయం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ పటాలాలతో కలిసి సూయజ్‌లో, పాలస్తీనాలో పనిచేశారు. ఎదురుగా ఉన్నది ఖలీఫా సైన్యం, తుర్కులు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని మైసూరు, జోధ్‌పూర్ గుర్రపు దళాలు పట్టుకున్నాయి. హైదరాబాద్ దళానికి ఆ వేళ తుర్కీ ఖైదీల్ని కాపలా కాసే పని పడింది. 1922లో ఢిల్లీలో ఈ మూడు సంస్థానాల పేర మూడు కంచు విగ్రహాలు నిలబెట్టారు. అదే తీన్‌మూర్తి. ఆ మూడింట్లో ఒకటి మన హైదరాబాద్ సిపాయిది. 2018 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. సూయజ్ నుంచి పాలస్తీనా దాకా నడిచిన ఆ యుద్ధమంతా ఒక్క రోజు దాడి పేరులో ముడుచుకుపోయింది. ఆ రోజు దాడిలో లేని హైదరాబాదీ సిపాయి తన పీఠం మీద తాను అలాగే నిలబడి ఉన్నాడు, పేరులో మాత్రం చోటు లేకుండా. స్మారకం కదలకపోయినా దాని అర్థాన్ని కదిలించవచ్చని ఇది నేర్పుతుంది.

ఈ నగరం సిపాయిని వేరేగా తలుచుకున్న వేళా ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మఖ్దూం మొహియుద్దీన్ సిపాయి మీద ఒక నజ్మ్ రాశాడు. 1960లో 'ఉస్‌నే కహా థా' సినిమాలో పాటగా అది దేశమంతా తిరిగింది. అందులో విజయం లేదు, వీరగంధం లేదు. యుద్ధానికి పోయే పేదవాడి మీద బెంగ ఉంది. తిరిగే స్మారకం అంటే మాకు ముందు ఆ పాటే గుర్తొస్తుంది. దానికి మతం కాలమూ లేదు, 'కూడా' కూడా లేదు.

తర్వాతి కాలానికి వస్తే, ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాద్‌లో పుట్టాడు. దేశ విభజన వేళ తోటి ముస్లిం అధికారులు పాకిస్తాన్ వైమానిక దళానికి రమ్మన్నా పోలేదు. 1971 యుద్ధంలో వైమానిక దళ కేంద్ర కార్యాలయంలో పనిచేశాడు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతి. 2018లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. 2013 అక్టోబర్‌లో బక్రీద్ వేళ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన లాన్స్ నాయక్ మహమ్మద్ ఫిరోజ్ ఖాన్ పాతబస్తీ బిడ్డ. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఈ ముగ్గురి పేర్లూ మేం ఒకే గొంతుతో చదవాలనుకుంటాం. సంతోష్‌బాబు తల్లి దుఃఖం తన మతస్థుల నిజాయితీకి రుజువుగా ఎక్కడా వాడబడదు. ఆ దుఃఖం ఆమెది, ఈ రాష్ట్రానిది. పాతబస్తీ సిపాయి ఇంటి దుఃఖానికి మాత్రం రెండో డ్యూటీ వేస్తారు. అది ఏడవాలి, ఏడుస్తూనే పాతబస్తీ మొత్తానికి జామీను నిలవాలి. మేం ఒప్పుకోనిది ఆ రెండో డ్యూటీని.

సర్కారు కాగితాల్లో 'షహీద్' అన్న మాట లేదని 2017లో రక్షణ, హోం శాఖలు కేంద్ర సమాచార కమిషన్‌కు చెప్పాయి. యుద్ధంలో పోయినవాడని మాత్రమే రాసుకుంటాయట. కానీ వేదికల మీద అందరూ షహీద్ అనే అంటారు. అరబ్బీలో ఆ మాటకు మూలార్థం సాక్షి. మా మాటే మీ గౌరవానికి పనికొచ్చింది, సంతోషం. కానీ సాక్షికీ సబూత్‌కూ తేడా ఉంది. సాక్షి తాను చూసింది చెబుతాడు. సబూత్‌ని ఎవరో తమ అవసరానికి బల్ల మీద పెడతారు. చనిపోయిన సిపాయిని సాక్షిగా ఉండనివ్వండి. మా సంచిలో సబూత్ కాగితం చేయకండి.

ఇక రెండో కొలత. ఎవరి చావు లెక్కలోకి రాలేదు?

2023లో కలశం పిడికెడు మట్టి అడిగింది. ఈ హైదరాబాద్ సంస్థానపు మట్టిలో ఏముందో అడిగినవాళ్లకు తెలుసా? 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగాడు. దానికి ముందు రజాకార్లు చేసిన ఘోరాల్ని మేం దాచం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు. అదే నెలలో, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపారు. చంపినవాళ్లు ముస్లింలే, చచ్చినవాడూ ముస్లిమే. ఆ తర్వాత జరిగింది కూడా చరిత్రే. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ ఏడాది చివర్లో సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగింది. పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని లెక్క కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా కాలాయి. చచ్చినవాళ్లలో అత్యధికులు రజాకార్లతో సంబంధం లేని మామూలు ముస్లింలు. కొన్నిచోట్ల సైనికులే చంపారని, కొన్నిచోట్ల సైనికులే కాపాడారని ఆ నివేదిక రెండూ రాసింది. ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి ప్రాణాలిచ్చిన హిందూ నేతగాళ్ల గురించీ రాసింది. ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు అచ్చువేయలేదు.

ఆ చనిపోయినవాళ్లకు ఏ ఊళ్లోనూ సర్కారు రాయి పెట్టలేదు. వాళ్ల కోసం ప్రాణాలిచ్చిన నేతగాళ్లకూ పెట్టలేదు. సెప్టెంబర్ 17కి మాత్రం పేర్ల మీద పేర్లు. 2022లో కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినం' అంది. అదే ఏడు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అంది. 2024లో తర్వాతి ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' అంది. ఒకే రోజు, ఒకే నగరం, వేర్వేరు మైదానాల్లో వేర్వేరు జెండా వందనాలు. ఇంతమంది ఇన్ని పేర్లు పెట్టగలిగారు గానీ, చనిపోయినవాళ్ల పేర్లు చదవడానికి ఒక్క నిమిషం ఎవరి దగ్గరా లేదు.

దీన్ని యుద్ధ స్మారకంతో ఎందుకు కలుపుతారని మిత్రులు అడగొచ్చు. మేం కలపలేదు. మట్టిని అడిగిన కలశమే కలిపింది. మట్టిని తీసుకుపోతే అందులో ఉన్నదంతా తీసుకుపోవాలి. వీరుల మట్టి మాత్రమే జల్లెడ పట్టి ఇవ్వమంటే ఏ ఊరూ ఇవ్వలేదు. పైగా 1948 చావుల మాట ఎత్తగానే మమ్మల్ని రజాకార్ల వారసులంటారు. అనకుండా ఉండాలంటే అబ్దుల్ హమీద్‌ను చూపించమంటారు. మా చావుల మీద మౌనంగా ఉండటానికీ, మా షహీదుల పేరు గట్టిగా అరవటానికీ ఈ విధంగా లంకె పడింది. అందుకే ఈ రెండూ ఒకే వ్యాసంలో రాయాల్సి వచ్చింది.

రేపు మళ్లీ ఏదో దివిటీ, ఏదో కలశం, ఏదో రాయి వస్తుంది. శంషాబాద్ దారిలోనే వస్తుంది. మేం దానికి ఎదురు పోం, దారి కాయం. పక్కన నిలబడతాం. మా కోరికలు నాలుగే. పేర్లు చదివేటప్పుడు 'కూడా' తీసేయండి. పేరు, హోదా, పటాలం, ఊరు చాలు. ఢిల్లీ రాయి చేసిన పని వేదిక మీద మీరూ చేయండి. మాజీ సైనికులకు శాలువా కప్పి కూచోబెట్టకుండా మైకు ఇవ్వండి. పింఛను సంగతో, యుద్ధం సంగతో వాళ్లకు తోచింది చెప్పనివ్వండి. బార్కస్‌లోనూ ఏసీ గార్డ్స్‌లోనూ ఒక రాయి పాతి, ఇక్కడ ఏ సిపాయిలు ఉండేవాళ్లో, ఎవరి కొలువు చేశారో ఉన్నదున్నట్టు రాయండి. పొగడ్త వద్దు.

నాలుగోది 1948 రాయి. బైరాన్‌పల్లిలో పోయినవాళ్లు, షోయబుల్లా ఖాన్, ఉస్మానాబాద్‌లో బీదర్‌లో పోయిన రైతులు, నేతగాళ్లు, వాళ్లను కాపాడబోయి పోయిన హిందువులు. అందరినీ ఒకే రాయి మీద చచ్చిన రోజు వరసన రాయండి. పేరు దొరకనిచోట ఊరి పేరు రాయండి. ఆ రాయిని ఒకచోట పాతకండి. సెప్టెంబర్‌లో దాన్నీ ఊరూరా తిప్పండి. అది మా గల్లీకి వచ్చిన రోజు, మీరు అడగకుండానే మేం మట్టి తెచ్చి ఇస్తాం.